బోనాల గోలీ

యాభై ఒకటో ఏట నాకు ముట్లుడిగాయి. ఏడాది పాటు ఎదురుచూసి, ఇక రాదని తేలాక, మా ఉధ్నా గల్లీలోని తెలుగు ఆడవాళ్ళు నాకు ప్రమోషన్ ఇచ్చారు. సూరత్‌లో కార్పొరేషన్ వారి తెలుగు బడిలో అన్నేళ్ళు పాఠాలు చెప్పినా ఒక్క ప్రమోషన్ రాలేదు నాకు. గర్భసంచి మాత్రం తాను రిటైరవుతూ నాకో పదవి ఇచ్చిపోయింది.

ఆ పదవి పేరు మొదటి బోనం. ఆషాఢంలో మా గల్లీ నుంచి అమ్మవారి గుడికి బోనాలు పోతాయి. కొత్త కుండలో అన్నం వండి, కుండకు పసుపు పూసి, వేపాకులు కట్టి, పైన దీపం పెట్టి, నెత్తికెత్తుకుని డప్పుల వెనక నడుస్తాం. అందరికంటే ముందు నడిచే మనిషి నెలసరి ఆగిపోయిన మనిషే కావాలని మా వాళ్ళ నియమం. మిగతావాళ్ళను నమ్మడానికి లేదు. పొద్దున కుండ కడిగిన మనిషి మధ్యాహ్నానికి దూరం కూర్చోవచ్చు. ముందు నడిచే మనిషే కూర్చుంటే డప్పులవాళ్ళు, పోతరాజు, వెనక నలభై కుండలు, అందరూ వానలో నిలబడాలి. అందుకని ఏ అనుమానమూ లేని కడుపు ఒకటి కావాలి. ఆ కడుపు నాదని తేల్చారు.

మిగతావాళ్ళు మాత్రలతో నెట్టుకొస్తారు. నేనూ ముట్లుడిగేదాకా మింగాను. బోనాలకొకటి, బతుకమ్మకొకటి, ఆడపడుచు పెళ్ళికొకటి, ఎవరింట్లో వ్రతమైనా ఒకటి. తేదీని నాలుగు రోజులు ముందుకు నెట్టే ఆ మాత్ర అసలు పేరు మాలో ఎవరికీ తెలియదు. గల్లీ చివర మందుల షాపు నడిపే గుజరాతీ ముసలాయనను మేం కాకా అంటాం. ఆషాఢం వస్తోందంటే ఆయన ముందే తెప్పించి పెట్టుకుంటాడు. ఆయన పెట్టిన పేరే మాకు ఖాయమైంది. బోనాల గోలీ.

నాకంటే చాలా ముందు ఈ మొదటి బోనం మా అత్తమ్మది. ఆమె పోయాక వేరే ఇళ్ళకు పోయి, మళ్ళీ మా గడప తొక్కిందని మా ఆయన తెగ మురిసిపోయాడు. ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. భార్యకు ముట్లుడిగిన సంగతిని ఇంత గర్వంగా చాటిన మగవాడు ఇంకొకడు ఉండడనుకుంటాను.

పదవితో పాటు వచ్చిన సామాను సంగతి మాత్రం ఎవరూ ముందుగా చెప్పలేదు. సూరత్ ఎండకు తోడు లోపల ఇంకో ఎండ మొదలైంది. చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డదాన్ని ఉన్నట్టుండి చెమటతో తడిసిపోయేదాన్ని. నడుము కనిపించకుండా పోయింది. పైపెదవి మీద నాలుగు వెంట్రుకలు కాపురం పెట్టాయి. షుగరు వచ్చింది, దాన్ని చూసి బీపీ వచ్చింది. స్టాఫ్ రూములో అందరూ లోచో తెప్పించుకునేవారు. ఆవిరి మీద ఉడికిన శనగపిండి ముద్ద, దాని మీద నూనె, దాని మీద సేవ్. షుగరు మాత్ర వేసుకుని రెండు ప్లేట్లు తినేదాన్ని. మాత్ర ఎందుకు వేసుకుంటున్నట్టు మరి?

వీటన్నిటికంటే మనసు ఎక్కువ సతాయించింది. ఒకరోజు హాజరు పిలుస్తుంటే ఒక పిల్ల 'ఉన్నాను టీచర్' అని ముద్దుగా అంది. అంతే, రిజిస్టరులో తల దూర్చి ఏడ్చేశాను. ఇంకోరోజు రొట్టెల కర్ర గోడకేసి కొట్టాను. గోడ ఏం తప్పు చేసిందో ఇప్పటికీ గుర్తు రాదు. మా కోడలు ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, దాని నోట్లో మూడు భాషలు కలిసే వస్తాయి. వంటింట్లోకి అడుగు పెట్టే ముందు రోజూ గుమ్మం దగ్గర నిలబడి వాతావరణం కనుక్కునేది. "అత్తమ్మా, ఇయ్యాల మూడ్ ఠీకున్నదా? లేకుంటే బాద్ మే వస్త."

ఇక మంచం సంగతి. రాయకూడదంటారు, రాస్తాను. మా ఆయన ముప్పై అయిదేళ్ళు పవర్‌లూమ్ దగ్గర నిలబడ్డాడు. ఆ చప్పుడులో అన్నేళ్ళు నిలబడినవాళ్ళకు చెవులు మిగలవు. కొడుకు చెవి మిషను కొనిచ్చాడు. దురదగా ఉందని దాన్ని డబ్బాలో పెట్టి, డబ్బాను దేవుడి దగ్గర పెట్టాడు. మా గదికీ పక్కింటికీ మధ్య ఒంటి ఇటుక గోడ. ముట్లుడిగాక ఒళ్ళు ఎండిపోయి నాకు నొప్పి పుట్టేది. ఆ ముక్క ఆయనకు చెప్పాలంటే ఊరేగింపులో అరిచినట్టు అరవాలి.

"నొప్పి!"

"ఏందీ?"

"నొప్పైతుంది!"

"యాడ?"

మర్నాడు పొద్దున పక్కింటామె నొప్పుల తైలం సీసా తెచ్చి చేతిలో పెట్టింది. "మోకాళ్ళా టీచరమ్మా? మా అత్తకు గిదే రాస్తం, మస్తు పనిచేస్తది" అంది. నేను తలూపి, తీసుకుని, నిజంగానే మోకాళ్ళకు రాసుకున్నాను. ఆ తర్వాత ఆ వ్యవహారానికి మేమిద్దరం సెలవు పెట్టేశాం. దానికి మందుందని, మోకాళ్ళకు రాసేది కాదని, చాలా ఆలస్యంగా తెలిసింది.

యాభై ఏడో ఏట, ఇంకా తొమ్మిది రోజుల్లో బోనాలనగా, స్నానానికి వెళ్ళి చూసుకుంటే రక్తం కనిపించింది. ఆరేళ్ళ తర్వాత. సిగ్గు విడిచి చెబుతున్నాను, ముందు సంతోషమేసింది. వయసు వెనక్కి తిరిగిందేమో అనుకున్నాను. అద్దంలో చూసుకున్నాను కూడా. మీసం అలాగే ఉంది. ఆ వెంటనే బోనం గుర్తొచ్చింది. ఇప్పుడు ఎవరికి చెప్పాలి? అయిదేళ్ళుగా ముందు నడిచిన మనిషికి మళ్ళీ ముట్టయిందంటే గల్లీలో తలెత్తుకోగలనా? ఇదేదైనా జబ్బేమోనన్న ఆలోచన ఒక్కసారి, మాటవరసకైనా, రాలేదు.

నేను బళ్ళో చెప్పేది సైన్సు. అది కూడా ఇక్కడే ఒప్పేసుకుంటాను. ఎనిమిదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం వస్తుంది. ఏటేటా ఆ పాఠం దగ్గరికి రాగానే 'ఇది తేలిక, ఇంట్లో చదువుకోండి' అని పేజీలు తిప్పేసేదాన్ని. పిల్లలు ఇంట్లో చదువుకున్నారో లేదో తెలియదు గానీ, టీచరు మాత్రం చదువుకోలేదు.

వానలో గొడుగేసుకుని కాకా షాపుకు వెళ్ళాను. బోనాల గోలీ ఇమ్మన్నాను. ఆయన నా నెరిసిన జుట్టు వంక చూసి, "వహు మాటే?" అన్నాడు. కోడలికా అని. "హా కాకా, వహు కే లియే" అనేశాను. మా కోడలికి అప్పుడు అయిదో నెల. దాని ఐరన్ మాత్రలు ఆ కాకా దగ్గరే కొంటున్నాం. ఆయన కళ్ళద్దాల మీది నుంచి నన్ను చూశాడు. నేను వానను చూశాను. పాపం, పెద్దమనిషి, మాత్రల షీటు తీసి ఇచ్చాడు.

రెండు రోజుల్లో రక్తం ఆగింది. బోనం ఎత్తాను. డప్పుల వెనక నడుస్తూ నెత్తిమీది దీపం ఆరకుండా చూసుకుంటూ, 'అమ్మా, నువ్వూ ఆడదానివే, నీకు తెలియంది కాదు, ఈ ఒక్కసారికి ఊరుకో' అని బేరమాడాను. ఆమె ఊరుకుంది. మాత్రలు ఆపిన మూడో రోజు మళ్ళీ రక్తం, ఈసారి ఎక్కువగా. ఆ మాత్రల తీరే అంత, ఆపితే వస్తుంది. దాంతో నాకు ఇది ముట్టేనన్న నమ్మకం ఇంకా గట్టిపడింది. క్యాలెండరు మీద పూర్వంలాగా చుక్క కూడా పెట్టుకున్నాను. శ్రావణ శుక్రవారం వ్రతానికి పీట మీద కూర్చోబెడతామన్నారు. ఇంకో షీటు తెచ్చాను. కాకా ఈసారి వహు ఊసెత్తలేదు.

బతుకమ్మ దగ్గరికి వచ్చేసరికి మెట్లెక్కితే ఆయాసం, నిలబడితే కళ్ళు తిరగడం. మూడో షీటు మింగుతున్నా రక్తం ఆగలేదు. ఒక సెలవురోజు పొద్దున ఉసిరికాయంత గడ్డ పడింది. స్నానాల గదిలో పీట మీద కూర్చుండిపోయాను. అప్పుడు భయమేసింది. మామూలు భయం కాదు, చచ్చిపోతానని భయం. కోడలి కడుపులో ఉన్న బిడ్డను చూస్తానా అని భయం.

ఎవరికైనా చెప్పాలి. కొడుకుకు చెప్పలేను, కోడలు అసలే ఎనిమిదో నెలతో ఉంది. ఆయనకే చెప్పాలి. కానీ ఆయనకు చెప్పడమంటే గల్లీకి చెప్పడం. అందుకని తెలివి ఉపయోగించాను. నోట్‌బుక్కులో కాగితం చింపి, పిల్లలకు రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలతో రాసి, టీ తాగుతున్న మనిషి చేతిలో పెట్టాను.

ఆయన చదువు మూడో తరగతి. అక్షరాలను గట్టిగా పలికితే తప్ప ఆయనకు అర్థం కావు. ఆ సంగతి ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన నాకు ఆ క్షణంలో గుర్తు రాలేదు.

"నా...కు... మూ...డు నె...లల నుం...చి..." అని మొదలుపెట్టాడు. నేను కాగితం లాక్కోబోయాను. ఆయన చెయ్యెత్తి, కాగితం పైకి పట్టుకుని, చివరిదాకా చదివాడు. చదివి, అర్థమై, ఇంకా గట్టిగా అరిచాడు. "రగతమా? మూడు నెలలకెళ్ళా? గిప్పుడు చెప్తవా!"

వంటింట్లోంచి కోడలు వచ్చింది. గుమ్మంలోకి పక్కింటామె వచ్చింది. ఆమె వేళ్ళమీద నెలలు లెక్కపెట్టి, "అంటే టీచరమ్మా, బోనాలప్పుడు గూడ..." అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

మా కోడలు ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పదు. ఆరోజు నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఇంత పొట్టతో, గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఆంటీ, బోనం ముచ్చట బాద్ మే. పహెలే డాక్టర్. అత్తమ్మా, చెప్పులేస్కో."

కోడలు తన కాన్పు కోసం చూపించుకుంటున్న డాక్టరమ్మ దగ్గరికే ఆటోలో తీసుకెళ్ళింది. గుంటూరు వైపు అమ్మాయి, కొత్తగా వచ్చింది, నా కూతురి వయసు ఉంటుంది. లోపలికి వెళ్ళగానే కోడల్ని కూర్చోమంది. "నేను కాదు మేడమ్, అత్తమ్మ" అంది మా పిల్ల.

"ఆఖరి నెలసరి ఎప్పుడమ్మా?" అంది డాక్టరమ్మ.

"ఇప్పుడు నడుస్తనే ఉంది."

"మీ వయసెంతండీ?"

"యాభై ఏడు."

ఆమె కలం కింద పెట్టింది. "మధ్యలో ఎన్నాళ్ళు ఆగింది?"

"ఆరేండ్లు."

"అమ్మా, ఏడాది పాటు పూర్తిగా ఆగాక వచ్చేది నెలసరి కాదండీ. ఒక్క చుక్క వచ్చినా చూపించుకోవాల్సిందే. చాలామందికి చిన్న కారణమే ఉంటుంది, కొందరికి పెద్దది ఉంటుంది. చూస్తే గానీ తెలియదు. ఏమైనా మందులు వాడారా?"

సంచీలోంచి ఖాళీ షీట్లు తీసి బల్ల మీద పెట్టాను. ఆమె వాటిని చూసింది, నన్ను చూసింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు, అదే ఎక్కువ భయపెట్టింది. స్కానింగు చేసింది. లోపలి పొర మందంగా ఉందని, ముక్క తీసి పరీక్షకు పంపాలని చెప్పింది. షుగరు, పెరిగిన బరువు, ఈ పొర, మూడూ ఒకే ఇంటివాళ్ళని, ఒకరు వస్తే మిగతావాళ్ళను పిలుచుకొచ్చే అవకాశం ఉందని అంది. నా రెండు ప్లేట్ల లోచో కళ్ళముందు ఆడింది. ఏడుపు, కోపం, ఒంట్లో మంట, ఎండిపోవడం, అన్నీ ఆమే అడిగి చెప్పించుకుంది. వీటికీ వైద్యం ఉంటుందని, ముందు దీని సంగతి తేల్చుకుందామని అంది. ఆరేళ్ళుగా ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూసిన ప్రశ్నలవి. జవాబులు చెప్పడానికి వెళ్ళాలని మాత్రం తోచలేదు నాకు.

"మీ ఇంట్లో ఎవరికైనా ఇలా అయిందా అమ్మా?" అని అడిగింది చివర్లో.

లేదు, అన్నాను. మా అమ్మకు లేదు, అక్కకు లేదు. ఆటో ఎక్కాక, ఉధ్నా స్టేషను దగ్గర ట్రాఫిక్కులో ఆగినప్పుడు, మా అత్తమ్మ గుర్తొచ్చింది.

అత్తమ్మ మొదటి బోనం మోసిన రోజుల్లో నేను నా కోసం మాత్రలు కొనుక్కునేదాన్ని. "ఊర్నుంచి చుట్టపామె ఒకామె వస్తది బిడ్డా, ఆమెకు గూడ ఒకటి తే" అనేది. తెచ్చేదాన్ని. మొదట ఏడాదికోసారి. తర్వాత ప్రతి పండక్కీ. మూడేళ్ళు. ఆ చుట్టపామె ఒక్కసారి కూడా మా గడప తొక్కలేదు. నేను ఒక్కసారి కూడా అడగలేదు. అత్తమ్మ తన బట్టలు ఎవరినీ ముట్టనిచ్చేది కాదు, అందరికంటే ముందు లేచి ఉతుక్కునేది. మడి ఎక్కువైందని నేను బళ్ళో తోటి టీచర్ల దగ్గర నవ్వేదాన్ని. ఆఖరికి మనిషి పుల్లలా అయిపోయింది. ఆస్పత్రికి తీసుకెళ్తే కడుపులో గడ్డ, చెయ్యిదాటిపోయింది అన్నారు. కడుపులో ఎక్కడని మేమెవరం అడగలేదు. మా ఇళ్ళలో ఆడదాని కడుపంటే గొంతు కింద నుంచి మోకాళ్ళ దాకా. నాలుగు నెలల్లో పోయింది.

ఆటోలో నేను ఏడుస్తుంటే కోడలు నా కోసమే ఏడుస్తున్నాననుకుంది. "కుఛ్ నై హోగా అత్తమ్మా" అంటూ నా చెయ్యి తీసి తన పొట్ట మీద పెట్టుకుంది. లోపల బిడ్డ తన్నాడు. నాకు ఇంకా ఏడుపొచ్చింది.

రిపోర్టుకు పది రోజులు పట్టింది. ఆ పది రోజులు గల్లీ ఆడవాళ్ళు రెండుగా చీలిపోయారు. బోనం మైలపడింది కాబట్టి నాకిలా అయిందని కొందరు, ఇలా అయింది కాబట్టి బోనం మైలపడిందని కొందరు. నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని రెండు పక్షాలకూ టీ పోశాను. అంత ధైర్యమూ పైకే. లోపల మాత్రం బిడ్డ పుట్టే రోజుకు నేనుంటానా లేదా అన్న ఒక్క లెక్కే నడిచేది.

రిపోర్టు వచ్చింది. కణాలు దారి తప్పడం మొదలైంది, ఇంకా క్యాన్సరు కాలేదు. "ఇంకో ఏడాది ఈ మాత్రలతో నెట్టుకొచ్చి ఉంటే నేను వేరే మాట చెప్పాల్సి వచ్చేదండీ" అంది డాక్టరమ్మ. గర్భసంచి తీసేశారు. కుట్లు మానకముందే మనవడు పుట్టాడు. అదే ఆస్పత్రి, రెండు మంచాల అవతల. నర్సులు ఎవరికి ఏ గంజి ఇవ్వాలో తికమకపడ్డారు.

ఇంటికొచ్చిన వారానికి గల్లీ పెద్దమ్మలు ముగ్గురు పండ్లు పట్టుకుని చూడటానికి వచ్చారు. మాటల్లో మాటగా, ఇక గర్భసంచే లేదు కనుక మొదటి బోనానికి నాకంటే తగిన మనిషి లేదని తేల్చారు. నవ్వితే కుట్లు లాగాయి. తర్వాత చెబుతానన్నాను.

వాళ్ళు వెళ్ళాక మా ఆయన మంచం పక్కన కూర్చుని జామకాయ కోస్తున్నాడు. అత్తమ్మ మాత్రల సంగతి ఆయనకు చెప్పకుండా ఇంకొక్క పూట కూడా ఉండలేననిపించింది. ఆయన గొంతు గల్లీకి వినపడేంత పెద్దది కాబట్టి నేను బతికాను. అత్తమ్మ మెల్లగా మాట్లాడే మనిషి. నోట్‌బుక్కు చేతిలోకి తీసుకున్నాను. ఒక్క మాట కూడా రాయలేదు. మూసి పక్కన పెట్టి, కుట్లు అదిమి పట్టుకుని అరిచాను.

"ఇగో, మీ అమ్మకు బోనాల గోలీలు తెచ్చిచ్చింది నేనే! మూడేండ్లు! ఆమెకూ గిదే రోగం! నేనే తెచ్చిచ్చిన!"

ఆయన చేతిలో కత్తి ఆగింది. జామకాయను పళ్ళెంలో పెట్టేశాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ఫస్టు నన్నే అడిగింది అమ్మ," అన్నాడు. "గోలీలు తెమ్మన్నది. ఆడోళ్ళ గోలీలు నేనెట్ల అడుగుత, నాకు శరమైతది అన్న. కోడలికి చెప్పుకో పో అన్న."

"నాకు చుట్టపామెకని చెప్పింది!"

"నాకు గట్ల చెప్పలే. నాకే బిడ్డా, రగతం ఆగుతలేదు అన్నది."

ఆయన లెక్కలో అది గుసగుస. గల్లీ ఈ చివర నుంచి ఆ చివర దాకా వినపడింది. మెల్లగా మాట్లాడమని నేను సైగ చేయలేదు.